వేపాకు తాడుకు అవతల

ఈ ఏడు మా ఊరి అమ్మవారు అసిరితల్లి సంబరానికి ఊరి మొదట్లో తాడు కడుతున్నప్పుడు ఒక కొస నేను పట్టుకున్నాను. పసుపు నీళ్లలో నానబెట్టిన కొబ్బరి తాడు అది. మూరకో వేపమండ గుచ్చి, రోడ్డుకి ఈ పక్క గుంజకీ ఆ పక్క గుంజకీ కడతారు. చేతుల్లో నలిగిన వేపాకు చేదు వాసన, తడి పసుపు వాసన, వాటి వెనకాల మా పల్లెను ఎప్పుడూ వదలని ఎండుచేపల వాసన. ఈ మూడూ కలిసి ముక్కుకి తగిలితే నాకు భక్తి కంటే ముందు భయం గుర్తొస్తుంది. ఆ భయం వెంటే ఒక మనిషి గుర్తొస్తుంది. తాడుకి అవతల, మట్టిరోడ్డు మీద, చెప్పులు విడిచి పక్కన పెట్టుకుని, నడినెత్తిన ఎండలో కూర్చున్న ఆదిలక్ష్మి గారు.

ఆమె ప్రొబేషన్ ఆఫీసరు. తప్పు రుజువైనా జైలుకి పంపకుండా కొందరిని కోర్టు వాళ్ల ఇళ్లలోనే ఉండనిస్తుంది. ఏడాదో రెండేళ్లో వాళ్లు ఎలా నడుచుకుంటున్నారో చూసి చెప్పమని ఇలాంటి ఆఫీసరుకి అప్పగిస్తుంది. అలా ఆమెకి అప్పగించినవాళ్లలో నేనొకదాన్ని. ఈ వాక్యం రాయడానికి నాకు చాలాకాలం పట్టింది. నేను బడికి వెళ్లలేదు. మా తాత భజనలు పాడేవాడు. మధ్యాహ్నాలు వల బాగుచేసుకుంటూ, భజన పుస్తకం నా ఒళ్లో పెట్టి, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టించి చదివించేవాడు. నాకున్న చదువు అంతే. ఇందులో తప్పులు కనిపిస్తే అవి నావి, ఆయనవి కావు.

నేను చేసిన పని చెప్పకుండా ఆమె గురించి చెప్పడం న్యాయం కాదు. ఎర్రమ్మా నేనూ ఒకే వీధివాళ్లం. ఒడ్డున పక్కపక్కనే కూర్చుని చేపలు కోసి, ఉప్పు పట్టి, ఎండబెట్టుకునేవాళ్లం. నా భర్త గుజరాత్ బోట్ల మీద పనికి వెళ్లి, ఆ ఏడు ఇంటికి రావలసిన నెలకి రాలేదు. ఎండబెట్టే చోటు దగ్గర మొదలైన మాట ఎక్కడెక్కడికో పోయింది. "మీ ఆయనింక రాడులేయే రత్నం! అక్కడ ఇంకో పొయ్యి ఎలిగించేసుంటాడు," అంది ఎర్రమ్మ, చుట్టూ ఉన్న ఆడవాళ్లందరికీ వినపడేలా. అందరూ నవ్వారు. నా చేతిలో చేపలు కోసే కత్తి ఉంది. ఆ నవ్వు ఆగేలోపే కత్తి లేచింది. ఎర్రమ్మ మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆమె కుడిచేతి రెండు వేళ్ల నరాలు తెగాయి. ఆ పొద్దున స్నానం చేసి, సింహాద్రి అప్పన్నకి దండం పెట్టుకుని, బొట్టు పెట్టుకుని ఒడ్డుకి వెళ్లినదాన్నే నేను. నా భక్తి ఆ ఒక్క క్షణం ఎక్కడికి పోయిందో ఇప్పటికీ నాకు తెలియదు.

కోర్టులో నేనే చేశానని చెప్పేశాను. ఏం చేయాలో తేల్చేముందు నా గురించి విచారించి రమ్మని జడ్జిగారు ఆదిలక్ష్మి గారిని పంపారు. శ్రీకాకుళం నుంచి బస్సులో వచ్చి, రోడ్డు మీద దిగి, ఆటోలో పల్లెకి వచ్చారు. పొట్టి మనిషి, నూలు చీర, భుజానికి గుడ్డసంచి. మా అరుగు మీద కుర్చీ వేసి, కొబ్బరినీళ్లు పెట్టుకుని ఎదురుచూస్తున్నాను. ఆమె నా కళ్లముందే మా గుమ్మం దాటుకుని, ఎర్రమ్మ ఇల్లెక్కడని అడుగుతూ వెళ్లిపోయారు. గంటసేపు అక్కడే ఉన్నారు. తిరిగి నా దగ్గరికి వచ్చాక కుర్చీ పక్కకి జరిపి నేల మీద కూర్చున్నారు. నాకు మండిపోయింది. "కేసు నాది కదా మేడం, ముందు ఆ ఇంటికెందుకెల్లారు?" అని అడిగేశాను. ఆమె కోప్పడలేదు. "దెబ్బ తగిలింది అక్కడ గదమ్మా. ముందు దెబ్బ సూడాలి. తరవాత కొట్టిన సెయ్యి సూడాలి," అన్నారు. రాజాం దగ్గర రైతు కుటుంబంలో పుట్టిన మనిషి. ఎంత చదివినా మాట మాత్రం మాలాగే ఉండేది. ఆ రోజు నా కుడిచెయ్యి తన చేతిలోకి తీసుకుని, జాతకం చూసేవాళ్లలా తిప్పి చూశారు. అరచేతిలో కత్తిపిడి కాయలు, ఉప్పు పగుళ్లు. చూసి వదిలేశారు.

ఏడాదిపాటు మంచి నడవడితో ఉంటానని నేను బాండు రాసిచ్చాను. మా అక్క మొగుడు జామీను సంతకం పెట్టాడు. ఎవరితోనూ గొడవ పడకూడదు. చెప్పకుండా జిల్లా దాటకూడదు. ప్రతి నెలా మొదటి సోమవారం ఆఫీసుకి వెళ్లి సంతకం పెట్టాలి. ఒక్కటి తప్పినా మళ్లీ కోర్టు, ఆపైన జైలు. మొదటిసారి నాగావళి వంతెన మీద బస్సు వెళుతుంటే కిందికి చూడలేకపోయాను.

ఆఫీసు వరండాలో ఒక పొడుగు బల్ల. అక్కడ కూర్చునేవాళ్లు దొంగలూ రౌడీలూ అయి ఉంటారని చీరకొంగు బిగించుకుని చివర కూర్చున్నాను. నెలలు గడిచేకొద్దీ వాళ్ల సంగతులు తెలిశాయి. గట్టు తగాదాలో తమ్ముడి తల పగలగొట్టి, ఆ తమ్ముణ్ణి తలుచుకుని ఏడ్చే ముసలి రైతు ఒకడు. తాగిన మైకంలో పక్కింటి తలుపు విరగ్గొట్టి, ఏం చేశాడో గుర్తే లేని తాపీమేస్త్రి ఒకడు. పని పోయిన నెలలో రాగితీగ ఎత్తుకెళ్లిన ఎలక్ట్రీషియను ఒకడు. ఎక్కువమంది మగవాళ్లే, ఎక్కువమంది కూలి పనివాళ్లే. సంతకానికి వస్తే ఆ రోజు పని పోయినట్టే. ఎక్కువమందికి అదే మొదటి తప్పు. వాళ్లలో చదవడం రానివాళ్లకి నేను కాగితాలు చదివిపెట్టేదాన్ని. అలా చదువుతున్నప్పుడు ఒక సంగతి గమనించాను. బల్ల మీద ప్రతివాడూ తన పక్కవాడు నిజంగా చెడ్డవాడని, తాను మాత్రం పొరపాటున వచ్చానని అనుకుంటున్నాడు. నేను కూడా అలాగే అనుకున్నాను.

నాకు చదువొచ్చని తెలిసి ఆదిలక్ష్మి గారు నా ఫారం నా చేతికే ఇచ్చి నింపమన్నారు. వయసు, చదువు, చేసే పని, ఇంట్లో ఎవరెవరు, తాగుడు ఉందా, ఇరుగుపొరుగు ఏమంటారు. అన్నీ రాశాను. చివర్లో 'స్వభావం' అని ఒక గడి ఉంది. కాస్త ఆలోచించి 'దైవభక్తి కలది' అని రాశాను. ఆమె చదివి, గీత పెట్టి కొట్టేశారు. "భక్తి సంగతి దేవుడికి తెలుస్తాదిలే. ఈ గడి నీది కాదు రత్నం, నాది. ఏడాది అయ్యాక నింపుతాను," అన్నారు. బల్ల మీదవాళ్లు తలలెత్తి చూశారు. సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి.

ఆ సిగ్గే మూడో నెలలో నాచేత అబద్ధం ఆడించింది. నెలకోసారి ఆమె పల్లెకి వచ్చినప్పుడల్లా ముందు ఎర్రమ్మ ఇంటికే వెళ్లేవారు. వీధిలో ఆడవాళ్లు నన్ను చూసి ముసిముసిగా నవ్వుకునేవారు. ఆ సోమవారం జ్వరమని కబురు చెప్పించి ఇంట్లో కూర్చున్నాను. మర్నాడే ఆమె వచ్చారు. ఎప్పటిలాగే ముందు ఆ ఇల్లు, తరవాత మా ఇల్లు. నా నుదుటి మీద చెయ్యి వేశారు.

"సల్లగా ఉన్నాది రత్నం."

నేను దుప్పటి మడతపెట్టి పక్కన పెట్టాను.

"ఇంకోసారి రాకపోతే కోర్టుకి రాస్తాను. నిన్ను జైలుకి పంపడం నాకిష్టం లేదు. అబద్ధం రాయడం అంతకన్నా ఇష్టం లేదు." సంచి సర్దుకుని లేస్తూ, మామూలుగా చెబుతున్నట్టు అన్నారు: "ఎర్రమ్మకి సేతి ఏళ్లు రెండూ ఇంకా ముడవట్లేదు. అన్నం ఎడంసేత్తో తింటంది. ఎవరూ సూడకుండా తలుపేసుకుని తింటంది."

ఆమె వెళ్లిపోయాక నేను దేవుడి పటం ముందు కూర్చున్నాను కానీ దండం పెట్టుకోవడానికి చేతులు కలవలేదు. మర్నాటి నుంచి నా చేపలతోపాటు ఎర్రమ్మ వాటా కూడా కోసి, కడిగి, గిన్నెలో పెట్టి ఆమె గుమ్మం ముందు ఉంచి వచ్చేదాన్ని. మొదటిరోజు కుక్కలకి వేసింది. రెండోరోజు గిన్నె వీధిలోకి విసిరింది. మూడోరోజు ఆమె మొగుడు దానయ్య వచ్చి, "జాలి సూపిస్తే కేసు మాఫీ అవుతాదనుకుంటన్నావేటి? ఏడాదిలో ఒక్క తప్పు సెయ్యి, నానే అర్జీ రాయించి లోపలేయిస్తాను," అని అరిచి వెళ్లాడు. నాలుగోరోజు గిన్నె కడిగి, బోర్లించి, మా అరుగు మీద ఉంది. ఎర్రమ్మ మాత్రం నాతో మాట్లాడలేదు.

ఎనిమిదో నెలలో అసిరితల్లి సంబరం వచ్చింది. మా ఊళ్లో సంబరం ఫలానా రోజని ముందుగా ఎవరికీ తెలియదు. అమ్మ ఒంటి మీదకి వచ్చిన మనిషి నోట ఆ మాట రావాలి. వచ్చిన రోజు పొద్దుగూకేసరికి ఊరి చుట్టూ తాడు కట్టేస్తారు. దాన్నే ఊరికట్టు అంటాం. మధ్యలో ఒక రోజు పూర్తిగా గడిచి, ఆ మర్నాడు సూర్యుడు వచ్చేదాకా మనిషి దాటకూడదు, వస్తువు దాటకూడదు. ఫోన్లు కూడా కట్టేయాలి, ఊళ్లో మాట బయటికి పోకూడదని. దాటితే సముద్రం మీదున్న మగవాళ్లకి ఆపద. ఆ ఏడు అమ్మ మాట ఆదివారం మధ్యాహ్నం వచ్చింది. మర్నాడు మొదటి సోమవారం.

తాడు కట్టడానికి ఇంకా మూడు నాలుగు గంటలుంది. అప్పుడే ఆదిలక్ష్మి గారికి ఒక్క ఫోను చేసి ఉంటే సరిపోయేది. చేయలేదు. కట్టు కట్టకముందే బయటి ఊరివాళ్లకి ఆ సంగతి చెబితే కట్టు విప్పినట్టేనని మా నమ్మకం. ఫోను చేతిలోనే ఉంది, నంబరు తెలుసు, వేలు ఆడలేదు. బయటివాళ్లకి ఇది మూర్ఖత్వంలా అనిపించవచ్చు. నేను అమ్మను నమ్మాను, ఇప్పటికీ నమ్ముతాను. కానీ ఆ సాయంత్రం తాడు బిగుసుకుంటుంటే నా మెడకే కడుతున్నట్టు అనిపించింది. వెళ్లకపోతే జైలు. వెళితే ఏ సముద్రం మీదున్నాడో తెలియని నా భర్తకి ముప్పు.

సోమవారం వెలుగు రాగానే ఒడ్డుకి నడిచాను. ఊరి పక్కన తాడు చివరి గుంజ కెరటాలు వచ్చి తగిలే చోట పాతి ఉంది. నీళ్లు వెనక్కి పోయినప్పుడు గుంజ చుట్టూ తడి ఇసుకలో నాలుగడుగులు వేస్తే చాలు, పక్కూరు. అక్కడి నుంచి మొదటి బస్సు అందుతుంది. పడవలన్నీ ఒడ్డుకి లాగి ఉన్నాయి. ఎవరూ లేరనుకున్నాను. పడవ నీడలోంచి ఎర్రమ్మ లేచింది.

"ఎల్తావేటి?" కత్తి లేచిన రోజు తరవాత నాతో ఆమె మొదటి మాట.

"ఎల్లకపోతే జైలే ఎర్రమ్మా."

"ఎల్తే?"

ఒక కెరటం వచ్చి ఇద్దరి పాదాల మీంచి పోయింది. ఎర్రమ్మ సముద్రం వైపు చూస్తూ, "మీ ఆయన ఏ నీళ్ల మీదున్నాడో," అంది. ఒకప్పుడు ఈ మనిషి నోటే నా భర్త మాట వచ్చి నా చేత కత్తి ఎత్తించింది. ఈసారి ఆ గొంతులో వెటకారం లేదు. తాడు మీదున్న వేపమండ ఒకటి గాలికి నా మోచేతికి రాసుకుంది. అక్కడే నిలబడిపోయాను. తరవాత వెనక్కి తిరిగి ఇంటికి వచ్చేశాను. తొమ్మిదయింది, పదయింది. బస్సు శ్రీకాకుళం చేరిపోయి ఉంటుంది. బల్ల మీద నా చోటు ఖాళీగా ఉంటుంది. ఈపాటికి ఆదిలక్ష్మి గారు కలం మూత తీసి ఉంటారు.

మధ్యాహ్నం డప్పులు మోగుతుంటే ఊరి మొదట్లో ఒక ఆటో ఆగింది. ఊరిపెద్ద గురయ్య తాత కర్ర అడ్డం పెట్టాడు. "ఓలమ్మో, ఆగండాగండి! ఊరు కట్టేసాం. రేపు పొద్దెక్కీదాకా రాకూడదు!"

"రానులే తాతా," అన్నారు ఆదిలక్ష్మి గారు. చెప్పులు విడిచారు. "ఇక్కడ కూకుంటే తప్పా? ఈ మన్ను మీ ఊరిదా, పక్కూరిదా?"

"పక్కూరిదే. ఆ మన్ను మీద మీ ఇష్టం," అన్నాడు తాత. జనం నవ్వారు. ఆమె తాడుకి మూరెడు దూరంలో నేల మీద కూర్చుని, రత్నాన్ని ఒకసారి కనపడమనండి అన్నారు. నేను పరుగున వచ్చి తాడుకి ఇవతల నిలబడ్డాను.

"ఫోను ఎందుకు కట్టేసావో ఇప్పుడు తెలిసిందిలే. ఒంట్లో బాగున్నాదా?" అని అడిగి, సంచిలోంచి పుస్తకం తీశారు.

జనంలోంచి దానయ్య ముందుకొచ్చాడు. "సంతకం పెట్టలేదు గదా మేడం. రాలేదని రాయండి."

"సంతకం రేపొచ్చి పెడతాది. ఇయ్యాల తాడుకి అవతల సూసాను, మాటాడాను అని రాస్తాను. ఉన్నది ఉన్నట్టు."

"ఉన్నది ఉన్నట్టంటే ఇదీ రాయండి. పొద్దున్నే ఒడ్డంట తాడు దాటేసింది ఈవిడ. సూసినోళ్లున్నారు!"

డప్పులు ఆగిపోయాయి. "దాటిందా?" అన్నాడు గురయ్య తాత. ఆయన గొంతు మారిపోయింది. ఆడవాళ్లు నా పక్క నుంచి జరిగిపోయారు. ఆ మాట నిలబడితే ఊళ్లో నాకు చోటుండదు. గొడవ పెద్దదైతే బాండు పోతుంది. ఒడ్డున ఆ రోజు లేచిన మంటే మళ్లీ లేచింది. దానయ్య చేతికందే దూరంలో ఉన్నాడు. పక్కనే కొబ్బరికాయలు కొట్టే కత్తి ఉంది. ఆదిలక్ష్మి గారు నా మొహం చూడడం లేదు. నా కుడిచెయ్యి చూస్తున్నారు. ఆ చేతిని చీరకొంగులో చుట్టి, గుండెకి అదుముకున్నాను. తల్లీ, తల్లీ అని తప్ప ఇంకేమీ అనుకోలేదు.

"ఎవరు సూసారు?" అని అడిగారు ఆమె, నెమ్మదిగా.

దానయ్య పెళ్లాం వైపు చూశాడు. ఎర్రమ్మ జనంలోంచి ముందుకు రావడానికి ఎంతసేపు పట్టిందో నేను చెప్పలేను.

"నానే సూసాను," అంది. "తాడు కాడికొచ్చింది. ఆగింది. ఎనక్కెల్లిపోయింది. దాటలేదు."

"నువ్వే గదే సెప్పావు!"

"తాడు కాడికెల్లిందన్నాను. దాటిందన్నానేటి? నీకెప్పుడూ సగమే ఇనిపిస్తాది. దాటుంటే నానే అరిసి ఊరంతా లేపుదును. నా ఏళ్లు తెగ్గోసిన మనిషి. దానికోసం అబద్ధమాడతానా?"

ఎవరో ఫక్కున నవ్వారు. గురయ్య తాత ఊపిరి వదిలి డప్పులవాళ్లకి చెయ్యి ఊపాడు. ఆదిలక్ష్మి గారు పుస్తకంలో రాసుకున్నారు. వెళ్లే ముందు మాత్రం నాతో కాకుండా ఎర్రమ్మతో మాట్లాడారు. వేళ్లు ఏమాత్రం ముడుస్తున్నావు, రోజూ వేడినీళ్లలో పెడుతున్నావా అని. "ఎండలో కూకున్నారు, మజ్జిగిద్దామన్నా తాడు దాటకూడదు మేడం," అంది ఎర్రమ్మ. "బాటిలున్నాదిలే," అని సీసా ఎత్తి చూపించారు ఆమె. ఎనిమిది నెలలుగా ఆమె ముందు ఎక్కిన గుమ్మం ఎర్రమ్మదే. అందుకు నేను లోపల్లోపల ఎంత కుమిలిపోయానో దేవుడికే తెలుసు. ఆ రోజు నన్ను నిలబెట్టిన నిజం ఆ గుమ్మంలోంచే వచ్చింది.

మంగళవారం మొదటి బస్సుకి వెళ్లి సంతకం పెట్టాను. ఆ వానాకాలం నా భర్త ఇంటికి వచ్చాడు. ఏడాది పూర్తయిన రోజు ఆదిలక్ష్మి గారు కోర్టుకి పంపే కాగితం ముందు నన్ను చదవమన్నారు. వయసు, పని, కుటుంబం అన్నీ పాతవే. 'స్వభావం' గడిలో నీలం సిరాతో ఒక్కటే మాట ఉంది: 'ఆగగలదు.'

ఇంకాస్త మంచిమాట రాసి ఉండవచ్చు కదా అని ఆ క్షణంలో చిన్నబుచ్చుకున్నాను. బస్సులో వంతెన దాటుతుంటే కిందికి చూడగలిగాను. అప్పుడు తెలిసింది, అంతకన్నా మంచిమాట నా గురించి ఎవరూ రాయలేరని. ఆమె రిటైరై రాజాం వెళ్లిపోయారు. ఆమెకి కృతజ్ఞత చెప్పుకోవడానికి వెళ్లినప్పుడు, "నాకెందుకు, ఎర్రమ్మకి సెప్పావా?" అన్నారు. ఆమె అడిగేదాకా నేను చెప్పలేదు.

ఇప్పటికీ కోపం వస్తే నేను ముందు నా కుడిచెయ్యి చూసుకుంటాను. ఎవరింట్లో గొడవైనా వెళ్లాల్సివస్తే దెబ్బ తిన్నవాళ్ల గుమ్మం ముందు ఎక్కుతాను. పొద్దున దండం పెట్టుకునేటప్పుడు అమ్మని పెద్దగా ఏమీ అడగను, ఆ గడిలోని ఒక్క మాట నా నుంచి తీసేయొద్దని తప్ప.

ఈ ఏడు తాడు రెండో కొస పట్టుకున్నది ఎర్రమ్మ. ఆ రెండు వేళ్లూ సగమే ముడుచుకుంటాయి, ముడి పడదు. అందుకే నా గుంజ దగ్గర ముడి వేసి, రోడ్డు దాటి ఆమె గుంజ దగ్గరికి వెళ్లి అక్కడా నేనే వేశాను. "గట్టిగా కట్టవే," అంది ఆమె, తాడు రెండు అరచేతుల మధ్య నొక్కి పట్టుకుని. "మళ్లీ పొద్దున్నే నీకు కాపలా కాయలేను."